ఇరవై ఏడు, తొమ్మిది

మా పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "సార్, అప్‌గ్రేడ్ ఎక్కడం లేదు, తెర మీద ఎర్రగా ఏదో వస్తోంది" అంటారు. ఎర్రగా వస్తే భయపడకండి అంటాను. ఎర్రగా వచ్చినదాన్ని ఎవరో ఒకరు చదువుతారు. పచ్చగా వచ్చినదాన్ని ఎవరూ చదవరు. నేను చదవలేదు. అలా చదవకపోవడం వల్ల ఒక మనిషి పోయాడు. ఆ సంగతి మీకోసం రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ రాయను. పోయిన మనిషి పేరు రాయాలని ఉంది గానీ, ఆయన ఇంటివాళ్ళను అడగలేదు.

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీని ఏసీ అంటారు. మిర్చి కోతలయ్యాక రైతులూ వ్యాపారులూ టిక్కీలు ఏసీల్లో పెట్టి, ధర కోసం నెలల తరబడి చూస్తారు. టిక్కీ అంటే నొక్కి కుట్టిన మిర్చి గోనె బస్తా. నాలుగైదు అంతస్తుల ఏసీని చల్లగా ఉంచేది అమ్మోనియా. అది గొట్టాల్లో ఉన్నంతసేపు పనిచేస్తుంది, బయటికి వస్తే చంపుతుంది. మా కంపెనీ చిన్నది. ఒక్కో ఏసీలో ఒక చిన్న కంప్యూటర్ పెట్టేవాళ్ళం. గదుల చల్లదనం ఎంతో అది రాసుకుంటుంది, గాలిలో అమ్మోనియా హద్దు దాటితే సైరన్ మోగిస్తుంది. అలాంటివి ముప్పై ఒక్క చోట్ల ఉండేవి. కొన్ని గుంటూరులోనే, కొన్ని ఒంగోలు వెళ్ళే రోడ్డు పొడుగునా.

ఆ కంప్యూటర్లలో నడిచే ప్రోగ్రాములు మేమే రాసేవాళ్ళం. వాటిని ప్యాకేజీలుగా కట్టి మా సొంత రిపోజిటరీలో పెట్టేవాళ్ళం. రిపోజిటరీ అంటే గిడ్డంగి అనుకోండి. ముప్పై ఒక్క మిషన్లూ రోజుకోసారి ఆ గిడ్డంగి తలుపు తట్టి, కొత్త సరుకు ఉందా అని అడుగుతాయి. ఉంటే తెచ్చుకుంటాయి. లేకపోతే "ఇప్పటికే కొత్తది ఉంది" అని రాసుకుని ఊరుకుంటాయి. ఆ చివరి మాట గుర్తు పెట్టుకోండి.

ప్యాకేజీలు కట్టే పని ఒక అమ్మాయిది. చీరాల నుంచి రోజూ రైల్లో వచ్చేది. వాళ్ళింట్లో మగ్గం ఉంది. పని మీద కూర్చుంటే తల ఎత్తేది కాదు, మాట తక్కువ. ఒకసారి మా కుర్రాళ్ళెవరో మగ్గం పని కంటే ఇది నయం కదా అంటే, "మా నాన్నకి పోగు తెగితే వేలికి తెలుస్తుందండీ. మనకి తెగినా తెర మీద పచ్చగానే ఉంటుంది" అంది. అప్పుడు అందరం నవ్వాం.

రెండో మనిషి ఒంగోలు రోడ్డు మీద ఉన్న ఒక ఏసీలో కంప్రెసర్ ఆపరేటర్. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ణి. నాకంటే రెండేళ్ళు చిన్న. పదిహేడేళ్ళప్పుడు నూనె గుడ్డతో ఆ గదిలోకి వచ్చి, అక్కడే నలభై ఏళ్ళు గడిపాడు. నేను మొదటిసారి మా పెట్టె బిగించడానికి వెళ్ళినప్పుడు తలుపు దగ్గరే నిలబెట్టి అడిగాడు.

"ఏవండీ కంప్యూటర్ గారూ, ఇది గ్యాసు వాసన చూసిద్దా?"

"చూస్తుంది."

"నాకంటే బాగా చూసిద్దా?"

"చూడాలి మరి."

"అయితే మంచిదే. నాకు ముక్కు పోయి పదేళ్ళయింది. మా ఆవిడ చేపల పులుసు చేసినా మాగాయ తాలింపేసినా నాకు ఒకటే. ఇక్కడా అంతే. కళ్ళు మండితే గానీ గ్యాసని తెలవదు. ఇయ్యాల్టి నుంచి మీ పెట్టే నా ముక్కు."

ముక్కు అన్న మాట సరదాకి అన్నాడనుకున్నాను. తరవాత తెలిసింది, ఉన్నమాటే చెప్పాడని. ఆ గదుల్లో ఏళ్ళు గడిపినవాళ్ళకు చాలామందికి అంతే.

ఆయనకు చదువు రాదు. అంకెలు వచ్చు. కంప్రెసర్ మీద ఉండే మీటర్లు చూసి చూసి నేర్చుకున్నాడు. గంటగంటకూ ప్రెజర్ ఎంతో పుస్తకంలో ఆయనే వేసేవాడు. అంకెలు ముత్యాల్లా ఉండేవి. పక్కన వివరం రాసే గడిలో మాత్రం ఏమీ ఉండేది కాదు.

ఇప్పుడు నా తప్పు మొదలైన చోటికి వస్తాను.

ప్రోగ్రాము మార్చిన ప్రతిసారీ దానికి ఒక నంబరు ఉంటుంది. మొదట్లో అందరిలాగే ఒకటి, ఒకటి పాయింట్ ఒకటి అని పెట్టాం. ఏసీ ఏదైనా మొరాయించినప్పుడు ఆపరేటర్‌కి ఫోన్ చేసి, తెర మీద మూల ఉన్న నంబరు చదవమనేవాళ్ళం. ఏ నంబరు పాతదో ఏది కొత్తదో వాళ్ళకు తెలియదు. మాకూ చీటీ చూస్తే గానీ గుర్తుండేది కాదు. అందుకని తేదీనే నంబరుగా పెడదామన్నాను. ప్యాకేజీ ఏ రోజు కట్టామో అదే దాని నంబరు.

చీరాల అమ్మాయి అంది, "సంవత్సరం ముందు పెడదాం సార్. తరవాత నెల, ఆ తరవాత రోజు. మిషన్‌కి అది తేలిక."

"మన ఆపరేటర్లు తేదీ ఎట్లా చెప్తారమ్మా? రోజు ముందు చెప్తారు. గోడ మీద క్యాలెండర్ చూసే మనిషికి తిరగేసి రాసి ఇస్తామా? మనం పనిచేసేది మిషన్ల కోసమా, మనుషుల కోసమా?"

నాకు ఆ మాట బాగుందనిపించింది. పుస్తకాలు చదివే అలవాటున్న వాడికి ఇదొక జబ్బు. వాక్యం బాగుంటే నిజమే అనుకుంటాడు. ఆ అమ్మాయి ఇంకేదో చెప్పబోయి, తల వంచుకుని నేను చెప్పినట్టే చేసింది. నిజానికి నేను భాయ్‌ని దృష్టిలో పెట్టుకునే ఆ నిర్ణయం తీసుకున్నాను. ఫోన్లో ఆయన నంబరు చదివితే, పెళ్ళి ముహూర్తం చెప్పినట్టు ఒక్కో అంకె విడివిడిగా వినపడేది.

ఆ పద్ధతిలో మొదటి ప్యాకేజీ జూన్ నాలుగున కట్టాం. తరవాతది జూలై పదకొండు. ఆగస్టు పంతొమ్మిది. సెప్టెంబరు ఇరవై ఏడు. నాలుగూ ముప్పై ఒక్క చోట్లా ఎక్కాయి. ఒక్క మిషన్ కూడా మొరాయించలేదు. పద్ధతి కుదిరిందనుకున్నాం.

అక్టోబరులో ఒకరోజు భాయ్ ఫోన్ చేశాడు.

"సార్, మీ సైరన్‌కి ఒక అవలక్షణం ఉందండీ."

"ఏమిటది?"

"నొక్కితే నిద్రపోతంది. మళ్ళీ లేవట్లేదు. నిన్న వాల్వు కాడ కాస్త కారింది. మోగింది, నొక్కాను. పోయి బిగించాను. అది మళ్ళీ కారింది, ఇది మాత్రం నోరెత్తలా. నా కళ్ళు మండాయి కాబట్టి సరిపోయింది."

లోపం నాకు వెంటనే అర్థమైంది. ఒకసారి ఆపితే, గాలిలో గ్యాసు పూర్తిగా సున్నాకి వచ్చి, ఎవరైనా మళ్ళీ బటన్ నొక్కితే తప్ప సైరన్ మేలుకోకుండా రాశాం. ఊరికే అరుస్తోందని వేరే ఏసీ వాళ్ళు గొడవ చేస్తే అలా చేశాం.

"ఆపారు కదా అని అది ఊరుకుంటోంది భాయ్" అన్నాను.

"అదే నేను చెప్పేది. మనిషి నొక్కాడంటే విన్నాడని అర్థం సార్. బాగు చేశాడని కాదుగా!"

ఆ మాట ఒక కాగితం మీద రాసి చీరాల అమ్మాయి బల్ల మీద పెట్టాను. ఆమె వారం రోజులు కూర్చుని ఆ ముక్క తిరగరాసింది. ఆపినా సరే, గ్యాసు మళ్ళీ హద్దు దాటితే సైరన్ మళ్ళీ మోగుతుంది. ఆఫీసులో అమ్మోనియా ద్రావణంలో ముంచిన గుడ్డ సెన్సర్ దగ్గర పట్టుకుని పదిసార్లు చూశాం. పదిసార్లూ మోగింది. నవంబరు ఆరున ప్యాకేజీ కట్టి గిడ్డంగిలో పెట్టాం. ఎప్పటిలాగే పాతది తీసేశాం.

మర్నాడు ఉదయం నా తెర మీద ముప్పై ఒక్క గడులూ పచ్చగా ఉన్నాయి. అన్నిటి పక్కనా అదే మాట, "ఇప్పటికే కొత్తది ఉంది". అంటే రాత్రే తెచ్చుకున్నాయి, ఇక తెచ్చుకునేది ఏమీ లేదు అనుకున్నాను. ఒక్కో ఏసీకి ఫోన్ చేసి, మార్పు వచ్చిందని చెప్పడం మొదలుపెట్టాను. భాయ్‌కి చేసేసరికి ఇంకా పదహారు మిగిలి ఉన్నాయి.

"భాయ్, మీ సైరన్ సంగతి అయిపోయింది. ఇక నొక్కినా మళ్ళీ లేస్తుంది."

"మీ గోడౌన్ నించి సరుకు దిగిందా?"

"దిగింది."

"ఉండండి, నంబరు చూత్తా." కుర్చీ జరిపిన చప్పుడు వినపడింది. "ఇరవై ఏడు. తొమ్మిది."

నేను విన్నాను. ఆ రెండు అంకెలూ నా చెవిన పడ్డాయని ప్రమాణం చేసి చెప్పగలను. అప్పుడు నా కళ్ళు తెర మీద ఉన్నాయి.

"సరే" అన్నాను.

"ఇది పదకొండో నెలగా సార్? ఇది తొమ్మిది అంటందే?"

"నాకు ఇక్కడ పచ్చగా ఉంది భాయ్. కొత్తదే ఉందని మీ మిషనే చెప్తోంది. ఆ మూల నంబరు మారడానికి ఒక్కోసారి టైము పడుతుంది లెండి."

అలా టైము పట్టడం అనేది లేదు. ఆ క్షణాన నోటికి వచ్చింది అన్నాను.

"పోనీ గుడ్డ తడిపి ఒకసారి చూద్దామా?"

"ఇక్కడ పదిసార్లు చూశాం. అక్కర్లేదు."

"మీరు చెప్పాక ఇంకేంటి సార్" అన్నాడు.

డిసెంబరు మొదటి వారంలో ఒక గురువారం మధ్యాహ్నం ఆ ఏసీ మేనేజర్ ఫోన్ చేశాడు. గొంతులో ఆదుర్దా కంటే తొందర ఎక్కువగా ఉంది.

"సార్, ఇక్కడ గ్యాసు లీకైంది. మా ఆపరేటర్ ముసలాయన పోయాడు. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ గారు వస్తున్నారు. సైరన్ ఎన్నింటికి మోగిందో, ఎన్నింటికి ఆపారో మీ పెట్టెలో ఉంటదంటగా. ఆ కాగితం వెంటనే పంపండి."

కూర్చుని ఆ మిషన్ రాసుకున్నదంతా తెప్పించి పంపాను. పంపాక చదివాను. చదివాక పంపాల్సింది.

తొమ్మిది నలభైకి గ్యాసు హద్దు దాటింది. సైరన్ మోగింది. నిమిషంలో ఎవరో ఆపారు. తొమ్మిది నలభై ఎనిమిదికి అంకె హద్దు కిందికి దిగింది. అంటే ఆయన లోపలికి వెళ్ళి వాల్వు బిగించాడు. సున్నాకి మాత్రం రాలేదు. పది దాటాక మళ్ళీ పెరగడం మొదలైంది. పదీ ఎనిమిదికి హద్దు దాటింది. అక్కడ సైరన్ మోగాలి. ఆ వరసలో సైరన్ అన్న గడి ఖాళీగా ఉంది. తరవాతి నిమిషమూ ఖాళీ, ఆ తరవాతిదీ ఖాళీ. ఇరవై ఆరు వరసలు. అంకె పెరుగుతూ పోయింది, పక్కన గడి ఖాళీగానే ఉంది. పదీ ముప్పై నాలుగు తరవాత సెన్సర్ కొలవగలిగిన అంకె కూడా దాటిపోయింది. ఆ సమయానికి ఆయన కంప్రెసర్ గది తలుపు తెరిచి ఉంటాడు. వాల్వు పూర్తిగా ఊడిపోయింది కూడా అప్పుడే.

ఆ సాయంత్రమే మేనేజర్ మళ్ళీ ఫోన్ చేసి థాంక్స్ చెప్పాడు. "మీ కాగితంతో క్లియర్ అయిపోయింది సార్. సైరన్ మొత్తుకుంటంటే నొక్కేసి టీ తాగటానికి పోయినట్టున్నాడు. పెద్దవాడు, పోయినవాణ్ణి ఏం అంటాం" అన్నాడు.

మర్నాడు నేనూ చీరాల అమ్మాయీ ఆఫీసులో ఒక మిషన్ ముందు కూర్చున్నాం. అసలు మిషన్‌కి ఇన్‌స్పెక్టర్ సీలు వేశాడు గనక, అచ్చం అలాంటిదే ఇంకొకటి తీసుకున్నాం. అందులో సెప్టెంబరు ప్యాకేజీ ఎక్కించి, ఆనక గిడ్డంగికి పంపాం. నవంబరు ప్యాకేజీ గిడ్డంగిలో ఉంది. మిషన్ దగ్గరున్న గిడ్డంగి తాళంచెవి సరిగ్గా ఉంది. దారిలో అడ్డం లేదు. మిషన్ వెళ్ళింది, చూసింది, తిరిగొచ్చి పచ్చగా రాసింది: "ఇప్పటికే కొత్తది ఉంది".

మూడుసార్లు చేశాం. మూడుసార్లూ అదే. మేము పరీక్షలు చేసే మిషన్‌ని ప్రతిసారీ తుడిచేసి మొదటి నుంచీ ఎక్కించేవాళ్ళం గనక అక్కడ ఎప్పుడూ ఈ మాట రాలేదు. ఖాళీ మిషన్‌కి ఏది దొరికితే అదే కొత్తది.

ఆ అమ్మాయి రెండు నంబర్లూ ఒకదాని కింద ఒకటి కాగితం మీద రాసింది. చాలాసేపు చూసింది.

"ఆరు కంటే ఇరవై ఏడు పెద్దది సార్" అంది.

అంతే. మిషన్‌కి తేదీ అంటే తెలియదు. ముందున్న అంకె చూస్తుంది. ఇరవై ఏడు ఉన్న ఇంట్లోకి ఆరుని రానివ్వదు. నాలుగు, పదకొండు, పంతొమ్మిది, ఇరవై ఏడు. నాలుగు నెలలు రోజుల అంకెలు వాటంతటవే పెరుగుతూ వచ్చాయి. అది మా దురదృష్టం. రెండో ప్యాకేజీ దగ్గరే ఇది బయటపడి ఉంటే అందరం నవ్వుకుని, నంబర్లు తిరగేసి, టీ తాగేవాళ్ళం.

"నేను చెప్పాను కదా సార్" అని ఆ అమ్మాయి ఆ రోజు అనలేదు. ఆ తరవాత కూడా ఎప్పుడూ అనలేదు. అంటే తేలికయ్యేది. లేచి వెళ్ళి, మిగిలిన ముప్పై ఏసీలకూ సంవత్సరం ముందు పెట్టి ప్యాకేజీ మళ్ళీ కట్టింది. ముప్పై చోట్లా అప్పటిదాకా సైరన్లు పాత పద్ధతిలోనే ఉన్నాయి. సాయంత్రం రైలు టైము దాటిపోయేదాకా కూర్చుని ఒక్కో ఏసీకీ ఫోన్ చేసి నంబరు చదివించుకుంది. వాళ్ళు చదివింది చేత్తో రాసుకుంది. తెర కేసి చూడలేదు.

నేను మా కంపెనీ నడిపే ఆయన దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాను. చెడ్డవాడు కాదు. తల పట్టుకున్నాడు.

"వాల్వు మనం చేసిందా?"

"కాదు."

"గ్యాసు మనం వదిలామా?"

"లేదండీ. కానీ సైరన్..."

"సైరన్ మోగింది. ఆయన ఆపాడు. అది మన కాగితంలోనే ఉందిగా. మిగతాది ఎవరూ అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పే మనిషిని మిమ్మల్నే చూశానండీ. నలభై కుటుంబాలు బతుకుతున్నాయి ఈ కంపెనీ మీద."

నాలుగు రోజులు ఊరుకున్నాను. ఐదో రోజు ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి వెళ్ళాను. గిడ్డంగి, ప్యాకేజీ, నంబరు అంటూ ఆయనకు పావుగంట వివరించాను. ఓపిగ్గానే విన్నాడు.

"ఇదంతా నేను ఎట్లా రాయాలండీ? నా ఫారంలో ఇట్లాంటి గడి లేదు. రెండు ముక్కల్లో చెప్పండి."

ఆలోచించి చెప్పాను. "అతను సైరన్ ఆపాడు. ఆపినా మళ్ళీ మోగుతుందని అతనికి నేను చెప్పాను. నేను చెప్పింది అబద్ధం."

ఆయన కలం పక్కన పెట్టి నాకేసి చూశాడు. "తెలిసి చెప్పారా?"

"చూడకుండా చెప్పాను."

"అది రాసి సంతకం పెట్టి ఇవ్వండి" అన్నాడు. రాసి ఇచ్చాను. ఫైలులో పెట్టాడు. నివేదికలో ఆఖరికి ఏం రాశారో నాకు చూపించలేదు. వాల్వు పాతబడిందనీ, ఆపరేటర్ సైరన్ ఆపి జాగ్రత్త వహించలేదనీ రాశారని విన్నాను. నా కాగితం జతపరిచారట. జతపరిచిన కాగితాలు ఎవరు చదువుతారో ఈ దేశంలో ఉద్యోగం చేసినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

భాయ్ ఇంటికి వెళ్ళాలనుకున్నాను. ఆయన తమ్ముడికి ఫోన్ చేశాను. "వదిన ఇద్దత్‌లో ఉందండీ. మొగుడు పోయాక నాలుగు నెలల పది రోజులు బయటి మగవాళ్ళకి కనపడదు. అయ్యాక రండి" అన్నాడు. సరే అన్నాను. ఆ మాట వినగానే నా గుండె కాస్త తేలికపడింది. ఎందుకు తేలికపడిందో అప్పుడు ఆలోచించలేదు. ఈ మధ్యలో మార్చి వచ్చింది, నా ఉద్యోగం అయిపోయింది. ఒక శాలువా కప్పారు. చీరాల అమ్మాయి ఆ రోజు సెలవు పెట్టింది.

ఏప్రిల్ నెల సగంలో వెళ్ళాను. రోడ్డుకి రెండు పక్కలా కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంది. బస్సులో అందరూ తుమ్ముతున్నారు. భాయ్ వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ ఇంటి వసారాలో నలుగురు ఆడవాళ్ళు కూర్చుని కాయలకు తొడిమలు తీస్తున్నారు. భాయ్ భార్య కూడా వాళ్ళలో ఉంది. కొంగు తలమీదికి లాక్కుంది, చేతులు ఆపలేదు. తమ్ముడు కుర్చీ వేసి నేనెవరో చెప్పాడు.

"మీరా?" అంది. "ఫోన్లో కంప్యూటర్ గారని నవ్వేవాడు."

నేను చెప్పవలసింది చెప్పాను. ఎంత తేలిక మాటల్లో చెప్పినా తప్పు తేలిక కాలేదు. గిడ్డంగి అన్నాను, కొత్త సరుకు అన్నాను, అది మీ ఏసీకి చేరలేదు, చేరిందని నేను చెప్పాను అన్నాను. ఆమె కాయ తర్వాత కాయ తీసుకుని తొడిమ తుంచుతూ వింది. పక్కనున్న ఆడవాళ్ళు చేతులు ఆపేశారు.

"నంబరు చదివాడా మీకు?" అని అడిగింది.

"చదివాడమ్మా."

"ఏం చదివాడు?"

"ఇరవై ఏడు, తొమ్మిది."

"అక్కడ ఉన్నది అదేనా?"

"అదే."

"మరి తప్పు చదవలేదుగా?"

"లేదమ్మా. సరిగ్గా చదివాడు. అది పాత నంబరని కూడా ఆయనే అనుమానపడ్డాడు."

ఆమె చేతులు అప్పుడు ఆగాయి. "అక్షరమ్ముక్క రాదు ఆయనకి. అంకెలొక్కటే వచ్చు. అవి తప్పడు" అంది. కాసేపటికి మళ్ళీ అంది. "ఏసీ కాడ అందరూ ఏమంటన్నారో తెలుసా మీకు? సైరన్ ఆపి టీకి పోయాడంటన్నారు. మా పిల్ల మొగుడి ఊళ్ళో కూడా అదే అంటన్నారు."

"నేను ఇన్‌స్పెక్టర్ గారికి రాసిచ్చానమ్మా."

"రాస్తే ఎవరు చదువుతారయ్యా? ఆయనకే చదువు రాదు, ఆయన గురించి రాస్తే ఏం లాభం. అక్కడికి పోయి నోటితో చెప్పండి."

మిర్చి ఘాటుకి నా కళ్ళు కారుతున్నాయి. వాళ్ళు అలవాటు పడ్డారు, వాళ్ళ కళ్ళు పొడిగానే ఉన్నాయి. తుడుచుకోవడానికి సిగ్గేసింది.

ఆ ఊరి నుంచి ఏసీ మూడు కిలోమీటర్లు. ఆటోలో వెళ్ళాను. సీజను కావడంతో లారీలు బారులు తీరి ఉన్నాయి. హమాలీలు పదిమంది దాకా భోజనాలు చేసి, ప్లాట్‌ఫారం మీద టిక్కీలకు ఆనుకుని కూర్చున్నారు. మేనేజర్ అద్దాల గదిలోంచి చూసి చెయ్యి ఊపాడు. నేను లోపలికి వెళ్ళకుండా హమాలీల దగ్గరే నిలబడ్డాను. వాళ్ళ మేస్త్రీ నన్ను గుర్తుపట్టాడు. అరవై దగ్గర మనిషి.

"ఏం సారూ, పెట్టె చెడిందా?"

"పెట్టె బాగానే ఉంది. భాయ్ గురించి ఒక మాట చెప్పాలి మీకు."

చెప్పాను. జీవితంలో సభల్లో మాట్లాడాను గానీ, అంత కష్టపడి ఎప్పుడూ మాట్లాడలేదు. సైరన్ ఆయన ఆపినమాట నిజం. ఆపాక వెళ్ళి వాల్వు బిగించాడు, అది మా పెట్టెలోనే రాసి ఉంది. మళ్ళీ గ్యాసు వస్తే సైరన్ మోగుతుందని నమ్మాడు. అలా నమ్మమని చెప్పింది నేను. అది మోగలేదు. తప్పు ఆయనది కాదు, నాది.

వెనక కూర్చున్న ఒకడు, "ఒరేయ్, నేను చెప్పలా?" అన్నాడు పక్కవాడితో.

మేస్త్రీ అన్నాడు. "టీ లేదు గీ లేదు సారూ. వాల్వు బిగించి నేరుగా పైకొచ్చాడు, రెండో అంతస్తుకి. మేం అక్కడ సరుకు దించుతున్నాం. ఒరేయ్, నాకు ముక్కు లేదు, మీకు వాసన తగిలితే దిగిపోండ్రా అన్నాడు. ఎందుకైనా మంచిది, ఇప్పుడే దిగండి అని మా పదకొండు మందినీ తోలుకొచ్చి, బయట చెట్టు కింద కూకోబెట్టాడు. మల్లా తనే లోనికి పోయాడు."

"ఈ సంగతి ఎవరికైనా చెప్పారా?"

"మమ్మల్ని అడిగిందెవరు?"

మేస్త్రీ చుట్ట ఆర్పి, కాలితో నలిపాడు.

"భాయ్ పోయింది చలికాలంలో. ఇప్పుడు ఎండాకాలం. ఇన్నాళ్ళూ ఏం చేశారు సారూ?"

"ఆమె ఇద్దత్‌లో ఉంది. అయ్యేదాకా రావద్దన్నారు. అందుకని ఆగాను."

"ఇద్దత్‌లో ఉంది ఆవిడయ్యా" అన్నాడు మేస్త్రీ. "మేం కాదుగా."

తువ్వాలు దులిపి తలకు చుట్టుకున్నాడు. మిగతావాళ్ళు కూడా లేచారు. లారీ వెనక తలుపు తెరిచి, ఒకరి తరవాత ఒకరు టిక్కీలు వీపుకెత్తుకుని లోపలికి వెళ్ళారు.